గుమస్తా లేని ఆట

హవల్లీలో, టునిస్ వీధి వెనక సందులో
వీడియో గేమ్ డబ్బాలు బాగుచేసే కొట్లో నా పని.
మూత విప్పితే లోపల ఎడారి.
ఫ్యాను రెక్కల మధ్య మూడేళ్ళ దుమ్ము,
ఎవరింటి పిల్లాడిదో బిస్కెట్ పొడి,
ఒక్కోసారి ఎండిపోయిన బొద్దింక.
ఊదుతాను, తుడుస్తాను, పేస్టు పూస్తాను.
ఆ తర్వాత, బాగైందో లేదో తేలాలంటే
పది నిమిషాలు ఆడి చూడాలి.

పరీక్షకని ఉంచిన డిస్కు ఒకటే. గీతలు పడిపోయింది.
మంచు కురిసే ఊరు. వంతెన. బూడిదరంగు కోట్లు.
యాభై డిగ్రీల ఆగస్టులో, చెమట జారే బొటనవేళ్ళతో
రోజుకి నలభైమంది నాజీలను చంపుతాను.
జీతం నూట అరవై దినార్లు.

వాళ్ళని చంపడం సులువు. ఎవరూ ఏమీ అనుకోరు.
ఇంకో ఆటలో విలన్లు అరబ్బీలో అరుస్తూ చస్తారు,
మా సేటు ఫత్హీ ఆ డిస్కుని గడప తొక్కనివ్వడు.
నాజీకి మాత్రం చుట్టం లేడు.
వాడికి జ్వరం రాదు, ఉత్తరం రాదు,
పడ్డవాడు మూడు లెక్కపెట్టేలోగా మాయమైపోతాడు,
పాతిపెట్టే పని కూడా ఉండదు.

జెండా మీది గుర్తు చూసి మొదట్లో చెయ్యి ఆగేది.
మా అమ్మ కొత్త బీరువా తలుపు మీద
పసుపుతో వేసిందది, నాలుగు చుక్కలు పెట్టి.
ఇది కాస్త ఒరిగింది. చుక్కలు లేవు.
ఇప్పుడు ఆగదు. చెయ్యి నేర్చుకుంది.

నిన్న యజన్ అనే పిల్లాడు, పదేళ్ళుంటాయి,
వాళ్ళ డబ్బా కోసం వచ్చి నా భుజం మీంచి తొంగిచూస్తూ
అంకుల్, వీళ్ళెవరు అన్నాడు.
చెడ్డోళ్ళు.
ఎట్లా తెలుసు?
బట్టలు చూడు, అన్నాను.
వాడు నా బట్టలు చూశాడు.

ఒక రాత్రి జిలీబ్ గదిలో, ఏసీ చుక్కలు బకెట్లో పడుతుంటే,
నిద్రపట్టక ఫోన్లో నిజం ఫొటోలు వెతికాను.
గాటు పడ్డ మొహం కోసం, ఒంటికన్ను కోసం చూశాను.
కనపడింది ఒక బల్ల.
బల్ల వెనక కళ్ళజోడు మనిషి, పెద్ద పుస్తకం,
ఎదురుగా కోట్లు తొడిగిన పిల్లల వరస.
వాడు అరవడం లేదు.
సిరా పారక కలం విదిలిస్తున్నాడు.

ఆటలో వాడు లేడు.
మర్నాడు ప్రతి గదీ తిరిగాను, తుపాకి దించి.
ఆఫీసు ఉంది. దీపం వెలుగుతోంది.
టైపు మిషను, కాగితాల దొంతర, వెనక్కి జరిపిన కుర్చీ.
ఏ మీట నొక్కినా కాగితాలు తెరుచుకోవు.
బల్ల సొరుగులో తూటాలు మాత్రం దొరుకుతాయి.

ఈ కొట్టుకి రాకముందు
మినా అబ్దుల్లా క్యాంపులో నేను టైంకీపర్ని.
ఓబులేసుకి జ్వరం. నిలబడలేకపోయాడు.
ఆబ్సెంట్ వెయ్యి, అన్నాడు ఫోర్మన్.
వేశాను. ఎర్ర పెన్నుతో.
రెండు రోజుల కూలి, ఒక రోజు జరిమానా.

పోల్చకూడదు, తెలుసు.
అక్కడ పొగ. ఇక్కడ మూడు రోజుల కూలి.
పోలిస్తే ఆ వరసలో నిలబడ్డ పిల్లలకి ద్రోహం.
నేను చేతిరాత గురించి చెబుతున్నా, అంతే.
నాది గుండ్రటి అక్షరం, కొట్టివేతలుండవు,
నా రిజిస్టరు చూసి పెద్దసారు ఒకసారి భుజం తట్టాడు.

ఆ నెలాఖరున ఓబులేసు నా దగ్గరికే వచ్చాడు
ఇంటికి డబ్బు పంపే ఫారం పట్టుకుని.
నీ రాత బాగుంటాది గదన్నా, నువ్వే నింపు, అన్నాడు.
తగ్గిన అంకె నేనే వేశాను.
సంతకం చోట వాడి బొటనవేలు
మెత్తగా ఒత్తి పట్టుకున్నాను, అలుక్కుపోకుండా.

డబ్బాలో ఫ్యాను చప్పుడు తగ్గింది. బాగైనట్టే.
వంతెన మీద ఇంకా ఇద్దరు మిగిలారు, వదిలేశాను.
యజన్ డబ్బా చంకలో పెట్టుకుని రసీదు అడిగాడు.
పుస్తకం తెరిచి, కలం విదిలించి,
పూర్తి పేరు చెప్పు, అన్నాను.